తీరిక లేని ఇంట పెరటి కోళ్ల సంరక్షణ



సోలాపూర్ తూర్పు పేటల గల్లీలలో తెల్లవారుజామున మొదట వినిపించేది మగ్గం చప్పుడని కొందరు, కోడికూత అని మరికొందరు అంటారు. రెండూ నిజమే. తెలంగాణ జిల్లాల నుండి నేతపనికి వచ్చి తరాల క్రితమే ఇక్కడ స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు ఈ నగరానికి దుప్పట్లతోనూ తువాళ్లతోనూ పేరు తెచ్చాయి. వచ్చేటప్పుడు ఊరి అలవాట్లను కొన్నింటిని మూటగట్టుకొని వచ్చాయి. వాటిలో పెరటి కోడి ఒకటి. పెరడు అనదగిన స్థలం ఇప్పుడు చాలా ఇళ్లకు లేదు. ఇంటి వెనుక ఆరడుగుల సందు, స్నానాల గది పక్కన బండలు పరచిన జాగా, మెట్ల కింద ఖాళీ, అంతే. అయినా నాలుగు పెట్టలు, ఒక పుంజు అక్కడ తిరుగుతూనే ఉంటాయి.

ఈ ప్రసంగం కోళ్ల ఫారాలను గురించినది కాదు. వేల కోళ్లు పెంచేవారి వద్దకు మేత అమ్మేవారు, మందులు అమ్మేవారు వెతుక్కుంటూ వస్తారు. నాలుగు కోళ్లు పెంచే ఇల్లాలి వద్దకు ఎవరూ రారు. ఆమె దినచర్యను ఒక్కసారి తలచుకోవాలి. నానబెట్టిన తునికాకును తీసి కత్తిరించుకొని, పొయ్యి మీద అన్నం ఉడుకుతూ ఉండగానే బీడీలు చుట్టడానికి కూర్చుంటుంది. పిల్లలను బడికి పంపాలి. మగ్గం పనికి పోయే భర్తకు సద్ది కట్టాలి. నల్లా నీరు రోజూ రాని పేటల్లో, వచ్చిన రోజున అన్ని పాత్రలూ నింపుకోవాలి. చుట్టిన బీడీలను కార్ఖానాకు తీసుకొనిపోతే, అక్కడ సరిగా లేనివాటిని తీసివేసి మిగిలిన లెక్కకు కూలి కట్టిస్తారు. వేయి బీడీల లెక్క నిండేసరికి పొద్దు వాలుతుంది. ఇంత పని నడుమ కోళ్లకు కాపలా కాయమని ఆమెకు చెప్పడం కేవలం ఉపదేశం అవుతుంది. కాపలా లేకుండానే కోళ్లు బతికే ఏర్పాటు ఏమిటన్నదే ఆమెకు కావలసిన సమాధానం.

నాటు పెట్ట ఏడాదికి సుమారు 50 నుండి 70 గుడ్లు పెడుతుంది. లెక్క చూస్తే పెద్ద ఆదాయం కాదు. కానీ ఆ డబ్బు కూలి డబ్బులో కలవదు, ఇంటి అప్పులో పోదు. అది ఇల్లాలి కొంగుముడిలోనే ఉంటుంది. పిల్లవాని నోటుపుస్తకానికో, అత్తగారి మందుబిళ్లలకో, పండుగనాడు ఆడబిడ్డకు పెట్టే రవికెగుడ్డకో అక్కరకు వస్తుంది. నాలుగు కోళ్లు ఒక్క వారంలో చచ్చిపోతే ఇంట్లో మిగిలినవారికి కూరలో గుడ్డు లేకపోవడమే తెలుస్తుంది. ఆమెకు మాత్రం ఎవరినీ అడగకుండా ఖర్చుపెట్టుకోగల ఏకైక డబ్బు పోయినట్లు.

కోళ్లు పోవడంలో ఒక తీరు ఉన్నది. పగటిపూట ఒక్కొక్కటిగా పోతాయి. రాత్రిపూట గూట్లో ఉన్నవి ఉన్నట్లుగా పోతాయి. తెగులు వస్తే గల్లీ మొత్తం ఖాళీ అవుతుంది. ఈ మూడింటికీ కావలసిన శ్రద్ధ ఒకే రకమైనది కాదు, కావలసిన సమయమూ ఒకటి కాదు.

మొదట రాత్రి సంగతి. నగరంలో అడవి జంతువులు లేవనుకోవడం పొరపాటు. పిల్లి ఇంటి కప్పుల మీదుగా వస్తుంది. పందికొక్కు మురికికాలువ పక్క నుండి బొరియ తవ్వుకొని గూటి అడుగున తేలుతుంది. కొన్ని పేటల్లో మానుపిల్లి పాత ఇళ్ల అటకల మీద కాపురం ఉంటుంది. వీధికుక్కల సంగతి చెప్పనక్కరలేదు. పగలు ఎంతో చురుకుగా ఉండే కోడికి చీకటి పడితే చూపు ఆనదు. కూర్చున్న చోటి నుండి కదలలేదు, తప్పించుకోలేదు. గూడు ఎంత గట్టిదైతే దాని ప్రాణం అంత గట్టిది.

గూడు కట్టడంలో చాలామంది చేసే తప్పు జాలీ ఎంపికలో ఉన్నది. ఆరు మూలల కన్నులతో చుట్టలుగా దొరికే పలుచని కోళ్ల జాలీ కోడిని బయటికి పోకుండా ఆపుతుందే గాని, కుక్కను లోపలికి రాకుండా ఆపలేదు. కుక్క దానిని పళ్లతో లాగి చింపుతుంది. ఎలుక దాని కన్నుల్లోనుండి నేరుగా దూరిపోతుంది. అర అంగుళం కన్నులు గల వెల్డింగు జాలీ ఖరీదు ఎక్కువే, కానీ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది. డబ్బు చాలకపోతే గూటి కింది భాగానికి, గాలి కోసం వదిలిన కిటికీకి ఈ గట్టి జాలీ వేసి, మిగిలిన వైపులు పాత చెక్కతోనో రేకుతోనో మూసుకోవచ్చు. రాత్రి నిద్రకు ఒక్కో కోడికి రెండు చదరపు అడుగుల లెక్కన చోటు ఉంటే ఆరు కోళ్లకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు గల గూడు సరిపోతుంది. దానిని నేల మీద పెట్టకుండా, అడుగున్నర నుండి రెండడుగుల ఎత్తులో రాళ్ల మీదనో ఇనుప కాళ్ల మీదనో నిలిపితే పందికొక్కు బెడద చాలావరకు తీరుతుంది. ఊడ్వడమూ సులభం. గూడు నేల మీదనే ఉండక తప్పనప్పుడు చుట్టూ ఒక అడుగు లోతున జాలీని పాతాలి, లేదా అడుగున బండ పరచాలి.

తలుపుకు కట్టిన గుడ్డపీలిక, దారం, ఆనించిన ఇటుక గొళ్లేనికి సాటి రావు. పిల్లి పంజాతో తట్టి చూస్తుంది, కుక్క మూతితో నెట్టి చూస్తుంది. గొళ్లెం వేసి, దానికి చిన్న మేకునో కొక్కేన్నో అడ్డుపెట్టడం మంచిది. గూటికి గాలి రావడం ఎంత అవసరమో చెప్పడానికి సోలాపూర్ ఎండాకాలమే చాలు. గాలికోసం వదిలిన ఖాళీ పైభాగాన ఉండాలి. కింద ఉంటే గాలితో పాటు మరెన్నో వస్తాయి.

ఇదంతా ఒకసారి చేసే పని. సెలవుదినాన ఒక పూట, ఇంటిల్లిపాదీ కలిస్తే అయిపోతుంది. రోజూ చేయవలసినది ఒక్కటే మిగులుతుంది, సందెవేళ తలుపు మూయడం.

కోళ్లను తరిమి గూట్లో వేయవలసిన పని లేదు. అలవాటైన గూటికి పొద్దు వాలగానే అవే చేరుకుంటాయి. కొత్తగా తెచ్చినవాటిని నాలుగైదు రోజులు గూట్లోనే ఉంచి మేత, నీరు అందిస్తే అదే తమ ఇల్లని గుర్తుపెట్టుకుంటాయి. తరువాత మనిషి చేయవలసింది రెండు నిమిషాల పని, లెక్కపెట్టి గొళ్లెం వేయడం. ఈ రెండు నిమిషాలు మరచిపోవడం వల్లనే ఎన్నో ఇళ్లలో కోళ్లు పోతున్నాయి. ఆ వేళకే ఇల్లాలు కార్ఖానా వరుసలో నిలబడి ఉంటుంది, లేదా పొయ్యి దగ్గర ఉంటుంది. అందుచేత ఈ పనిని ఇంట్లో దీపం పెట్టే పనితో ముడిపెట్టడం తెలివైన పద్ధతి. దీపం ఎవరు పెడితే వారే గూడు మూయాలి. పదేళ్ల పిల్లకైనా ఈ పని అప్పగించవచ్చు. ఇంటి నుండి బయటికి పోవలసి వస్తే పక్కింటివారికి "అత్తా, చీకటైనంక జర గూటి తలుపు పెట్టు" అని ఒక్క మాట చెప్పి పోతే చాలు. లెక్కపెట్టడం మానరాదు. ఒకటి తక్కువైనదని సందెవేళ తెలిస్తే వెతకవచ్చు. తెల్లవారి తెలిస్తే ఈకలు మాత్రమే దొరుకుతాయి.

పగటి శత్రువులు వేరు. గద్ద, కాకి, ముంగిస పగలే తిరుగుతాయి. ఎదిగిన పెట్ట జోలికి కాకి పోదు. దాని చూపంతా పిల్లల మీదనే. పొదిగిన 21 రోజులకు బయటికి వచ్చిన పిల్లల్లో ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు వారాల్లోనే పోతాయన్నది కోళ్లు పెంచిన ప్రతి ఇంటికీ తెలిసిన సంగతి. పాతకాలపు వెదురు గంప ఇప్పటికీ దీనికి తగిన సాధనం. తల్లినీ పిల్లలనూ గంప కింద ఉంచి, నూకలు, నీళ్ల చిప్ప లోపల పెట్టి, గంప మీద ఒక రాయి ఉంచాలి. ఇంట్లో ఎవరైనా వాకిట కూర్చుని బీడీలు చుట్టుకొనే గంటల్లో మాత్రమే వాటిని బయటికి వదలాలి. అప్పుడు చేతి పని సాగుతూనే ఉంటుంది, చూపు పిల్లల మీద ఉంటుంది. పొగాకు చేటను మాత్రం కోళ్లకు అందనంత దూరంలో పెట్టాలి. పొగాకులోని నికోటిన్ పక్షికి విషం. రాలిన పొగాకు పొడి నీళ్ల చిప్పలో పడకుండా చూసుకోవాలి.

ఏ జాతి కోడి అన్నదీ రక్షణకు సంబంధించిన విషయమే. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజ, గ్రామప్రియ రకాలను అభివృద్ధి చేసింది. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం గిరిరాజను ఇచ్చింది. ఇవి నాటు కోడి కంటే త్వరగా పెరుగుతాయి. గ్రామప్రియ గుడ్లలోనూ ముందుంటుంది. కానీ వనరాజ, గిరిరాజ వంటి బరువైన కోడి కుక్కను చూసి గోడ మీదికి ఎగరలేదు. ఇవి సాధారణంగా పొదుగుకు కూర్చోవు కనుక పిల్లలకు తల్లి రెక్కల వెచ్చదనమూ ఉండదు, తల్లి కాపలా కూడా ఉండదు. మొదటి వారంలో సుమారు 35 డిగ్రీల వెచ్చదనాన్ని బల్బు కిందనో మరో విధంగానో మనిషే ఇవ్వాలి, ఆపై వారానికి కొద్దికొద్దిగా తగ్గించాలి. తీరిక లేని ఇంటికి నాటు పెట్టే నమ్మకమైన పనిమనిషి. గుడ్లు తక్కువే పెడుతుంది, కానీ పిల్లలను తానే సాకుతుంది. సైకిలు మీద రంగులద్ది అమ్మే కోడిపిల్లలను పిల్లల మారాం తీర్చడానికి కొనడం మాత్రం మానుకోవడం మంచిది. అవి ఎక్కడివో, వాటికి టీకా పడిందో లేదో అమ్మేవానికే తెలియదు.

ఇక తెగులు. ఇక్కడ ఒక్క ఇంటి జాగ్రత్త చాలదు.

1926 ప్రాంతాన జావాలోను, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోను బయటపడిన వ్యాధిని, ఆ దశకంలోనే మన దేశంలో కుమావూన్ కొండల్లోని రాణిఖేత్‌లో గుర్తించారు. అందుకే మనకు అది రాణిఖేత్ వ్యాధి అయింది. తెలుగు పల్లెల్లో దీనిని కొక్కెర తెగులు అంటారు. కోడి ముడుచుకొని కూర్చుంటుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, ఆకుపచ్చగా, తెల్లగా పారుతుంది, మెడ వంకర తిరుగుతుంది, కాలో రెక్కో పడిపోతుంది. వచ్చిన తరువాత దీనికి మందు లేదు. వెల్లుల్లి, పసుపు, మిరియాలు మింగించి తృప్తిపడవచ్చు గాని కోడి బతకదు. రాకముందు వేసే టీకా ఒక్కటే దారి.

పిల్లకు అయిదు నుండి ఏడు రోజుల వయసులో లసోటా టీకా కంటిలోనో ముక్కులోనో ఒక్క చుక్క వేస్తారు. నాలుగో వారంలో మరోసారి వేస్తారు. ఎనిమిది వారాలు నిండిన తరువాత ఆర్‌టూబీ అనే టీకాను సూదితో ఇస్తారు. ఇది బలమైన టీకా కనుక చిన్న పిల్లలకు వేయరాదు. వేయడానికి వారం ముందు నులిపురుగుల మందు తాగించడం మంచిది. ఆపై సుమారు ఆరు నెలలకొకసారి పశువైద్యుని సలహాపై తిరిగి వేయించాలి. జబ్బుపడిన కోడికి టీకా వేయరు.

ఇది ఇంత తెలిసిన విషయమే అయినా గల్లీలలో టీకా ఎందుకు పడటం లేదు? నిర్లక్ష్యం అనడం సులభం. అసలు చిక్కు సీసాలో ఉన్నది. ఈ టీకా సీసాలు సాధారణంగా నూరు మోతాదులకు తక్కువ ఉండవు. ఇంట్లో ఉన్నవి ఆరు కోళ్లు. సీసా విప్పి కలిపిన తరువాత గంటా రెండు గంటల్లో వాడేయాలి, మిగిలింది పారబోయాలి. అంతవరకు 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మండే ఎండలో సంచిలో వేసుకొని తెచ్చిన సీసా అప్పటికే నిర్జీవమై ఉంటుంది. ఆరు కోళ్ల కోసం నూరు మోతాదులు కొని, మంచుగడ్డల డబ్బా వెతుక్కొని, ఒక పూట కూలి పోగొట్టుకొని పోవడం ఏ ఇల్లాలికీ గిట్టుబాటు కాదు. ఆమె లెక్క తప్పు కాదు.

అదే పదిహేను ఇళ్లు ఒక్కటైతే లెక్క మారిపోతుంది. ఇంటికి ఆరేడు కోళ్లు, పదిహేను ఇళ్లకు నూరు కోళ్లు, ఒక్క సీసా. ఒకరు జనావరాల దవాఖానాకు పోయి తేదీ మాట్లాడుకొని వస్తారు. మరొకరు మంచుగడ్డలు వేసిన ఫ్లాస్కులో సీసా తెస్తారు. కార్ఖానా సెలవునాడు తెల్లవారగానే, కోళ్లను గూళ్ల నుండి వదలకముందే, ఇల్లిల్లూ తిరిగి గంటలో పని ముగించవచ్చు. గూట్లో ఉన్న కోడిని పట్టుకోవడం సులభం. వదిలిన తరువాత ఒక్కదానిని పట్టడానికే గంట పడుతుంది. ఒక్క ఇల్లు దూరంగా ఉండిపోతే ఆ ఇంటి కోళ్ల ద్వారా తెగులు గల్లీలోకి వచ్చే దారి తెరిచి ఉన్నట్లే. కనుక చుట్టాలు కానివారిని, మాట పట్టింపులు ఉన్నవారిని కూడా పిలవవలసి వస్తుంది. వదినామరదళ్ల నడుమ మాటలు లేకపోయినా కోళ్ల నడుమ రాకపోకలు ఉంటాయి కదా.

కొందరు టీకాను తాగునీటిలో కలుపుతారు. నగరపాలిక నల్లా నీటిలో క్లోరిన్ ఉంటుంది, అది టీకాలోని సజీవ క్రిమిని చంపివేస్తుంది. పెరటి కోళ్లకు కంటిచుక్క పద్ధతే మేలు.

తెగులు బయటినుండి ఎట్లా వస్తుందో గమనిస్తే అది ఎక్కువగా మనిషి చేతుల మీదుగానే వస్తుంది. పోచమ్మకు బోనం ఎత్తే ఇళ్లలో మొక్కు కోసం సంత నుండి కోడిని తెచ్చి నాలుగు రోజులు ఇంటి కోళ్లతో కలిపి ఉంచుతారు. చుట్టపుచూపుగా ఊరికి పోయినవారు పుంజును చంకన పెట్టుకొని వస్తారు. తెచ్చిన కోడిని రెండు మూడు వారాలు వేరుగా ఉంచే అలవాటు ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. మొక్కు కోడినైతే గంప కింద విడిగా కట్టేసి, దానికి వేరే నీళ్ల చిప్ప పెట్టాలి. ఇంకొక విషయం కొంచెం కటువుగానే చెప్పవలసి ఉన్నది. కోళ్లు వాడిపోవడం మొదలుకాగానే మిగిలినవాటిని హడావిడిగా అమ్మివేయడం, కోసి పంచడం, ఈకలూ పేగులూ గల్లీ చివర పారవేయడం పాత అలవాటు. అమ్మినవానికి నాలుగు డబ్బులు దక్కుతాయి, కొన్నవాని గూడు ఖాళీ అవుతుంది. చచ్చిన కోడిని ఘంటా గాడీలో వేయరాదు, నాలాలో వేయరాదు. రెండు మూడు అడుగుల లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చాలి. చోటు లేనివారు నగరపాలిక ఆరోగ్య సిబ్బందికి తెలియజేయాలి.

ఒక్కసారిగా ఎక్కువ కోళ్లు చచ్చినప్పుడు అది రాణిఖేతా, బర్డ్ ఫ్లూనా అన్నది కంటితో తేల్చుకోలేరు. మన దేశంలో బర్డ్ ఫ్లూ మొదట బయటపడినది ఈ మహారాష్ట్రలోనే, 2006 ఫిబ్రవరిలో, నందుర్బార్ జిల్లా నవాపూర్‌లో. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లోనూ వచ్చింది. నిర్ధారణ అయిన చోటు చుట్టూ ఒక కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నింటినీ ప్రభుత్వం చంపించి పూడ్పిస్తుంది. అందువల్లనే జనం దాచిపెడతారు. ఆ భయం అర్థం చేసుకోదగినదే. అయితే పశువుల అంటువ్యాధులపై 2009లో వచ్చిన చట్టం ప్రకారం తెలియజేయడం యజమాని బాధ్యత. పైగా ప్రభుత్వం చంపించిన పక్షులకు పరిహారం ఉంటుంది, అంతకుముందే చచ్చినవాటికి ఉండదు. దాచినకొద్దీ నష్టం ఇల్లాలిదే. అనుమానం వచ్చిన రోజున చచ్చిన కోడిని వట్టి చేతులతో తాకరాదు, పిల్లలను దగ్గరికి పోనీయరాదు.

ఎండను గురించి రెండు మాటలు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని ఉపాయం. ఏప్రిల్, మే నెలల్లో పాదరసం 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్లో రేకు కప్పు కింద గూడు పొయ్యి అవుతుంది. కప్పు మీద జొన్న సొప్పనో తడిపిన గోనెసంచినో పరచి, నీడలో రెండు మట్టి చిప్పల్లో నీళ్లు పెట్టి పనిలో కూర్చోవచ్చు. ఒకటే పెడితే పుంజు దానిని తన్ని పోతుంది. మేతకు మిగిలిన జొన్నరొట్టె ముక్కలు, నూకలు, ఆకుకూర కాడలు పనికివస్తాయి. బూజు పట్టిన జొన్నలు, పల్లిచెక్క మాత్రం వేయరాదు.

ఎన్ని కోళ్లు ఉంచాలన్న ప్రశ్నకు స్థలాన్ని బట్టి జవాబు చెప్పడం వాడుక. తీరికను బట్టి చెప్పడం ఇంకా సరైనది. సందెవేళ లెక్క తప్పడం మొదలైతే కోళ్లు ఎక్కువైనట్లే. చిప్ప కడగడానికి రెండు రోజులు వాయిదా పడుతున్నదంటే రెండు పెట్టలను తగ్గించుకోవాలి. పైఅంతస్తు గదుల్లో అద్దెకు ఉండేవారు, పొరుగువారికి కూత వల్ల నిద్ర చెడే చోట ఉండేవారు పుంజు లేకుండా పెట్టలనే ఉంచుకోవచ్చు. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజు అక్కరలేదు, పొదగడానికి పెట్టే గుడ్డుకే కావాలి. ఆ గుడ్లను పక్క గల్లీ నుండి అడిగి తెచ్చుకోవచ్చు.

శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ రథం బయలుదేరినప్పుడు ఈ పేటల్లో ఇళ్లు ఖాళీ అవుతాయి. పొద్దున పోయినవారు దీపాలు పెట్టే వేళకు కూడా తిరిగి రారు. ముంగిసకు, పిల్లికి, వీధికుక్కకు అంతకంటే మంచి రోజు ఉండదు. ఆనాడు కోళ్లను వదలకుండా గూట్లోనే నీళ్లు, మేత పెట్టి గొళ్లెం వేసి పోవాలి, లేదా గల్లీలో మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టున ఉండే పెద్దమ్మకు పది గూళ్ల తాళాలూ అప్పగించాలి. వచ్చేటప్పుడు ఆమెకు ప్రసాదం తేవడం మరవరాదు.